మొదటి స్విమ్ మీట్: పాప పేరు ఇవ్వడం నుంచి టైమ్ రికార్డులో పడేదాకా

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు, పాపకు తొమ్మిదేళ్లు, స్విమ్ క్లబ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. నవంబరు మీట్‌కు ‘కమిట్’ చేయమని కోచ్ మెయిల్ పెట్టారు. లింకు తెరిస్తే ఈవెంట్ నంబర్లు, సెషన్లు, ఎస్‌సివై, ఎన్‌టీ అని కనిపిస్తున్నాయి. ఏది నొక్కాలి, ఎన్ని ఈవెంట్లు పెట్టాలి, డబ్బు ఎవరికి కట్టాలి, తప్పు నొక్కితే ఏమవుతుంది?

ముందు తెలుసుకోవలసింది, మీట్‌కు పాపను ఎంటర్ చేసేది మీరు కాదు, మీ క్లబ్. ‘మా పాప వస్తుంది, ఈ రోజుల్లో వస్తుంది’ అని మీరు క్లబ్‌కు చెబుతారు. ఏ ఈవెంట్లు ఈదాలో కోచ్ ఖాయం చేస్తారు. క్లబ్ పిల్లలందరి ఎంట్రీలు కలిపి ఒకే ఫైలుగా, ఒకే చెల్లింపుతో, మీట్ నడిపే క్లబ్‌కు వెళ్తాయి. మీట్ నడిపేవాళ్లకు మీరు నేరుగా మెయిల్ పెడితే ‘మీ కోచ్‌ను అడగండి’ అనే జవాబే వస్తుంది. మొదటి సీజన్‌లో వచ్చే గందరగోళం ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి తెలియకే.

ఇక వరసగా చెబుతాను. మొదట సభ్యత్వం. క్లబ్‌కు నెలనెలా కట్టే ఫీజు వేరు, యూఎస్ఏ స్విమ్మింగ్ (దేశస్థాయి ఈత సంస్థ) సభ్యత్వం వేరు. ఆ రెండోది లేకుండా శాంక్షన్ (ఆ సంస్థ అధికారిక అనుమతి) ఉన్న మీట్‌లో నీళ్లలో దిగనివ్వరు, వార్మప్‌కు కూడా. దేశం మొత్తాన్ని 59 స్థానిక కమిటీలుగా విభజించారు. ఎల్ఎస్‌సీ అని వినపడేది వీటినే. మీది నార్త్ టెక్సాస్ స్విమ్మింగ్. హ్యూస్టన్ వాళ్లకు గల్ఫ్, ఎడిసన్ వైపు వాళ్లకు న్యూజెర్సీ, ఫ్రీమాంట్, సన్నీవేల్ వాళ్లకు పసిఫిక్ స్విమ్మింగ్. సభ్యత్వం ఏటా రెన్యూ చేయాలి. చవకగా దొరికే ఫ్లెక్స్ సభ్యత్వం తీసుకున్నవాళ్లు ఒకటి గమనించాలి: దానితో ఏడాదిలో ఈదగల మీట్లకు పరిమితి ఉంటుంది, పెద్ద చాంపియన్‌షిప్‌లకు పనికిరాదు. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు అవుట్‌రీచ్ అని బాగా తగ్గించిన సభ్యత్వం ఉంది. అవసరమైతే మొహమాటపడకుండా అడగండి.

ఇక్కడ మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది పేరు విషయంలో. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ముందో వెనకో ఉంటుంది, పిల్ల పేరు రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. అమ్మ ఒకచోట ‘సాయి’ని మొదటి పేరుగా, నాన్న ఇంకోచోట మధ్య పేరుగా పెడితే దేశస్థాయి టైమ్స్ డేటాబేస్‌లో, అంటే స్విమ్స్‌లో, ఒకే పిల్ల ఇద్దరవుతుంది. సగం టైమ్స్ ఒక పేరుమీద, సగం ఇంకో పేరుమీద పడతాయి. రేపు క్వాలిఫయింగ్ టైమ్ చూపించాల్సి వచ్చినప్పుడు అది కనపడదు. జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో సభ్యత్వంలోనూ అలాగే పెట్టండి. క్లబ్ సైట్‌లోనూ అదే స్పెల్లింగ్, అదే పుట్టినతేదీ. పిలుపు పేరుకు విడిగా గడి ఉంటుంది, ముద్దుపేరు అందులో రాయండి. క్లబ్ మారినప్పుడు కొత్త సభ్యత్వం తీసుకోకుండా పాతదాన్నే బదిలీ చేయించాలి. బదిలీ అయ్యాక కొన్నాళ్లు పిల్ల ‘అన్‌అటాచ్డ్’గా, అంటే ఏ క్లబ్ పేరూ లేకుండా ఈదాలి, రిలేల్లో కొత్త క్లబ్ తరఫున దిగడానికి ఉండదు.

రెండోది మీట్ అనౌన్స్‌మెంట్. ఆరు నుంచి పన్నెండు పేజీల పీడీఎఫ్, మెయిల్‌కు తగిలించి వస్తుంది, ఎవరూ చదవరు. దయచేసి చదవండి. అన్నీ అక్కర్లేదు. మీట్ శాంక్షన్ ఉన్నదేనా, ఏ కోర్సు (అంటే ఎంత పొడవు కొలను), వయసు ఏ తేదీ నాటిది, రోజుకు ఎన్ని ఈవెంట్ల పరిమితి, ఎన్‌టీ తీసుకుంటారా, టైమ్ హద్దులేమైనా ఉన్నాయా, పాప వయసు వాళ్ల సెషన్ పొద్దునా మధ్యాహ్నమా, ఏ ఈవెంట్లకు చెక్-ఇన్ కావాలి. ఇవి చూస్తే చాలు, పది నిమిషాల పని.

వయసు సంగతి. యూఎస్ఏ స్విమ్మింగ్ మీట్లలో మీట్ మొదటి రోజున పిల్ల వయసు ఎంతో, మీట్ అయ్యేదాకా అదే లెక్క. శుక్రవారం మీట్ మొదలై శనివారం పాపకు పదకొండు నిండినా ఆదివారం కూడా ఆమె పదేళ్ల పిల్లే. స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీల్లో ఆ ఏడాది డిసెంబరు 31 నాటి వయసు చూస్తారు కాబట్టి అక్కడ ఈది వచ్చిన కుటుంబాలు ఇక్కడ తికమక పడుతుంటాయి. పైగా చాలా సమ్మర్ లీగ్‌లు జూన్ 1 నాటి వయసు చూస్తాయి, అది మళ్లీ వేరు. దీని ప్రభావం సీజన్ చివర తెలుస్తుంది. పాప పుట్టినరోజు చాంపియన్‌షిప్ మొదటి రోజుకు ముందు పడితే, సీజనంతా 9–10 స్టాండర్డ్‌ల కోసం ఈదినా చివరికి 11–12 టైమ్స్ కావాలి. అవి చాలా కఠినం. అందుకే సెప్టెంబరులోనే పుట్టినరోజు, ఆ చాంపియన్‌షిప్ తేదీ పక్కపక్కన పెట్టి చూసి కోచ్‌తో మాట్లాడుకోండి.

ఇక ఎస్‌సివై. షార్ట్ కోర్స్ యార్డ్స్, అంటే 25 గజాల కొలను. ఊళ్లో ప్లాటు కొనేటప్పుడు చెప్పుకునే గజమే ఇది. 25 గజాలంటే 22.86 మీటర్లు. ఎస్‌సీఎం అంటే 25 మీటర్ల కొలను, ఎల్‌సీఎం అంటే ఒలింపిక్స్‌లో చూసే 50 మీటర్లది. ఇక్కడ సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఎక్కువగా గజాల సీజన్, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా 50 మీటర్ల సీజన్. ఒక కోర్సులో వచ్చిన టైమ్ ఇంకో కోర్సులో చెల్లదు. 50 మీటర్లు 50 గజాలకన్నా 9 శాతం పైగా పొడవు, పైగా మధ్యలో నెట్టుకోవడానికి గోడ ఉండదు. కాబట్టి గజాల్లో 42 సెకన్లు ఈదిన పిల్ల వేసవిలో 47 ఈదితే వెనకబడిందని కంగారుపడకండి. దూరాల పేర్లు కూడా మారతాయి: గజాల్లో 500 ఫ్రీ (ఫ్రీ స్టైల్) ఉన్నచోట మీటర్లలో 400 ఉంటుంది, 1650 ఉన్నచోట 1500. 100 ఐఎం (నాలుగు స్ట్రోకులూ వరసగా ఈదే ఇండివిడ్యువల్ మెడ్లీ) చిన్న కొలనులోనే ఉంటుంది, 50 మీటర్ల కొలనులో ఉండదు.

ఎన్‌టీ అంటే ‘నో టైమ్’. పాప ఆ ఈవెంట్‌ను ఇంతకుముందు అధికారికంగా ఈదలేదని అర్థం. మొదటి మీట్‌కు దాదాపు అన్నిటికీ ఎన్‌టీయే పడుతుంది, అది సిగ్గుపడే విషయం కాదు. కొన్ని మీట్లు మాత్రం ఎన్‌టీ తీసుకోవు. అప్పుడు కోచ్ ప్రాక్టీసులో తీసిన టైమ్ వేస్తారు. ఆ అంకె మీరు ఊహించి వేయకండి. ఎందుకో చెబుతాను.

ఎంట్రీ టైమ్‌ను బట్టే హీట్లు, అంటే ఒకేసారి ఈదే గుంపులు, తయారవుతాయి. టైమ్డ్ ఫైనల్స్ మీట్‌లో (విడిగా ఫైనల్ లేకుండా అన్ని హీట్ల టైమ్స్ కలిపి స్థానాలు ఇచ్చేది) మామూలుగా నెమ్మది హీట్ ముందు, వేగమైనది చివర. ఎనిమిది లేన్ల కొలనులో ఒక ఈవెంట్‌కు 43 మంది అమ్మాయిలు ఉంటే ఆరు హీట్లు: మొదటిదాంట్లో ముగ్గురు, మిగతా అయిదింటిలో ఎనిమిదేసి మంది. ప్రతి హీట్‌లో అందరికన్నా వేగమైన పిల్లకు 4వ లేన్, తర్వాతి వాళ్లకు వరసగా 5, 3, 6, 2, 7, 1, 8. ఎన్‌టీ పిల్లలు మొదటి హీట్లలో పడతారు. ఇప్పుడు 50 సెకన్ల పిల్లకు 40 అని వేస్తే ఏమవుతుంది? ఆమె చివరి హీట్లలో పడి, మిగతా ఏడుగురూ గోడ ముట్టి చూస్తుంటే ఒంటరిగా సగం కొలను ఈదాల్సి వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ అనుభవం చాలాకాలం గుర్తుంటుంది. హీట్ గెలవాలని కావాలని తక్కువ వేసినా మంచిది కాదు. పక్కన పోటీ లేకపోతే పిల్ల ఉన్నంత వేగంగా కూడా ఈదదు. ఉన్న టైమ్ ఉన్నట్టు, లేకపోతే ఎన్‌టీ.

ఎన్ని ఈవెంట్లు? మీట్ అనౌన్స్‌మెంట్‌లో రోజుకు మూడో నాలుగో అయిదో అని పరిమితి ఉంటుంది. అది గరిష్ఠం, అన్నీ నింపి తీరాలని ఏమీ లేదు. మొదటి మీట్‌కు ఒక్క రోజు, రెండు లేదా మూడు ఈవెంట్లు నా సలహా. 50 ఫ్రీ, 50 బ్యాక్, మూడోది పాప స్ట్రోక్ నియమాల ప్రకారం సరిగ్గా వచ్చినదేదైనా. బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్లు ఇంకా కుదరని పిల్లను 100 బ్రెస్ట్‌లో పెట్టడం అంటే డిస్‌క్వాలిఫై అవుతుందని తెలిసీ పంపడమే. అదే సమయంలో రెండో మూడో మీట్ తర్వాత కూడా ‘తనకు ఇష్టమైన ఫ్రీ మాత్రమే’ అని పట్టుబట్టకండి. పదేళ్ల లోపు పిల్లలు నాలుగు స్ట్రోకులూ, 100 ఐఎం, 200 ఫ్రీ, అన్నీ రుచి చూడాలి. పదేళ్లకు ఏ స్ట్రోక్ బాగా వస్తుందో పద్నాలుగేళ్లకు అదే బాగా వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఈ విషయంలో కోచ్ ఎంపికకే నేను ఓటు వేస్తాను. మీకు అభ్యంతరం ఉంటే గడువుకు ముందు మెయిల్‌లో అడగండి, మీట్ రోజు పొద్దున కాదు.

ఇప్పుడు ఆ కమిట్ పేజీ. చాలా క్లబ్‌లు టీమ్ యూనిఫై వాడతాయి, ఇప్పుడు దాని పేరు స్పోర్ట్స్ ఇంజిన్ మోషన్. లాగిన్ అయి మీట్ పేరు పక్కన ఉన్న ‘అటెండ్ ఆర్ డిక్లైన్’ నొక్కితే పిల్లల పేర్లు వస్తాయి. పాప పేరు నొక్కాలి. ‘డిక్లరేషన్’ దగ్గర అవుననో కాదనో ఎంచుకోవాలి. అవునంటే కింద రోజులు, సెషన్లు, కొన్ని క్లబ్‌లలో ఈవెంట్లు కనిపిస్తాయి. నోట్స్ గడిలో కోచ్‌కు చెప్పాల్సింది రాయాలి: ‘ఆదివారం రాలేము’, ‘శనివారం రెండింటికల్లా వెళ్లిపోవాలి’ అని. తర్వాత సేవ్ నొక్కాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఈ చివరి మెట్టులోనే. అవునని ఎంచుకుని సేవ్ నొక్కకుండా ఫోన్ మూసేస్తారు, మీట్ వారం వచ్చాక పాప పేరు లేదని తెలుస్తుంది. సేవ్ చేశాక మళ్లీ అదే పేజీ తెరిచి అవునని ఉందో లేదో చూసుకోండి, ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ విడివిడిగా చేయాలి, ఒకరికి చేస్తే రెండోవారికి పడదు. రానివాళ్లు కూడా కాదని నొక్కాలి. ఏమీ నొక్కకుండా వదిలేస్తే కొన్ని క్లబ్‌లలో కోచ్ తానే ఎంటర్ చేసేస్తారు, బిల్లు మీకొస్తుంది.

గడువులు రెండు ఉంటాయని గుర్తుంచుకోండి. పీడీఎఫ్‌లో ఉన్నది క్లబ్‌లకు ఇచ్చిన గడువు. మీకు వర్తించేది మీ క్లబ్ పెట్టిన గడువు, అది వారం పది రోజులు ముందే ఉంటుంది, ఎందుకంటే కోచ్ అందరి ఈవెంట్లు చూసి, రిలేలు వేసి, ఫైలు తయారుచేయాలి. దీని వెనక ఇంకో కారణం ఉంది. పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లల టైమ్డ్ ఫైనల్స్ సెషన్ నాలుగు గంటల్లో ముగిసేలా వేయాలని యూఎస్ఏ స్విమ్మింగ్ నియమం. అందుకని నడిపేవాళ్లు ఇంతమందికి మించి తీసుకోలేరు, పేరున్న మీట్లు ఫైళ్లు తీసుకోవడం మొదలుపెట్టిన రోజే నిండిపోతాయి. ఆలస్యంగా వచ్చిన ఒక్క పేరు కోసం ఫైలు ఆపితే క్లబ్ మొత్తానికి చోటు పోవచ్చు. కోచ్ ‘ఇక కుదరదు’ అంటే అది మొండితనం కాదు.

డబ్బు: ఈవెంట్‌కు ఇంత, పిల్లకు ఒకసారి కొలను సర్‌ఛార్జ్ ఇంత, కొన్నిచోట్ల స్థానిక కమిటీకి ఇంత. ఈవెంట్‌కు 8 డాలర్లు, సర్‌ఛార్జ్ 15 అనుకుంటే మూడు ఈవెంట్లకు 39 అవుతుంది. ఇది క్లబ్ మీ నెలవారీ బిల్లులో కలుపుతుంది, కొన్ని క్లబ్‌లు కోచ్ ప్రయాణ ఖర్చులో వాటా కూడా కలుపుతాయి. ఎంట్రీలు వెళ్లాక జ్వరం వచ్చినా డబ్బు వెనక్కి రాదు, ఎందుకంటే అది అప్పటికే నడిపే క్లబ్‌కు చేరిపోయింది. అయినా రాలేకపోతే కోచ్‌కు తప్పకుండా చెప్పండి. మీ పాప ఒక రిలేలో ఉండి చెప్పకుండా మానేస్తే మరో ముగ్గురు పిల్లలు ఈదకుండా కూర్చోవాలి.

ఫైలు వెళ్లాక క్లబ్ ఎంట్రీ రిపోర్టు పంపుతుంది. తెరిచి నాలుగు చూడండి: పేరు, వయసు, ఈవెంట్లు, టైమ్ పక్కన ఉన్న అక్షరం. వై అంటే గజాలు, ఎల్ అంటే 50 మీటర్లు. గజాల మీట్‌లో ఎల్ అక్షరం ఉన్న టైమ్ పడితే చాలా మీట్లలో గజాల టైమ్స్ ఉన్నవాళ్ల తర్వాత చేరుస్తారు. తప్పు కనిపిస్తే ఆ రోజే చెప్పాలి. తర్వాత సైక్ షీట్ వస్తుంది, అది ఎంట్రీ టైమ్ వరసలో పేర్ల జాబితా. దాన్ని చూసి పాప 38వ స్థానంలో ఉందని నిరాశపడటం, 3వ స్థానంలో ఉందని ఊళ్లో అందరికీ చెప్పడం, రెండూ వద్దు. అది ఫలితం కాదు. పాపకు చూపించాల్సిన అవసరం అసలే లేదు. చివర, ముందురోజు రాత్రో ఆ పొద్దునో, హీట్ షీట్. అందులో ఈవెంట్, హీట్, లేన్ ఉంటాయి. ఈవెంట్ నంబర్లలో చాలాచోట్ల బేసి అమ్మాయిలవి, సరి అబ్బాయిలవి. ముంజేతిమీద చెరగని మార్కర్‌తో నాలుగు నిలువు వరసలు రాస్తారు: ఈవెంట్, హీట్, లేన్, స్ట్రోక్. సన్‌స్క్రీన్ రాయకముందే రాయాలి, తర్వాత రాస్తే పట్టదు. ‘పాజిటివ్ చెక్-ఇన్’ అని ఉన్న ఈవెంట్లకు, ఎక్కువగా 500 ఫ్రీ లాంటి పొడవైనవాటికి, వచ్చామని టైమ్‌లోపు నమోదు చేయాలి. అలా చేయకపోతే హీట్‌లో పేరే వేయరు.

మీట్ రోజు వార్మప్ టైమ్‌కు పావుగంట ముందు కొలను దగ్గర ఉండాలి. ‘పాప ఈవెంట్ పదిన్నరకు కదా, పదికి వెళ్దాం’ అనుకోకండి. వార్మప్ లేకుండా ఈదనివ్వడానికి చాలామంది కోచ్‌లు ఒప్పుకోరు, ఆ కొలను గోడలు, బ్యాక్‌స్ట్రోక్ జెండాలు పాప ఒక్కసారైనా చూడాలి. వార్మప్‌లో దూకకూడదు, కాళ్లు ముందుగా మెల్లగా దిగాలి. స్టార్టులకు విడిగా లేన్లు చెబుతారు. సంచిలో రెండు గాగుల్స్, రెండు క్యాప్‌లు, మూడు టవల్స్, వెచ్చటి జాకెట్, నీళ్లు. స్విమ్ సూట్ మామూలుది చాలు. పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లలకు ఖరీదైన టెక్ సూట్లను (వేగం కోసం చేసిన బిగుతు సూట్లు) 2020 సెప్టెంబరు నుంచి యూఎస్ఏ స్విమ్మింగ్ ఈ స్థాయి మీట్లలో నిషేధించింది, కాబట్టి ఆ ఖర్చు మిగిలింది. తిండి విషయంలో మన ఇడ్లీలు చాలా బాగా పనికొస్తాయి, రెండు ఇడ్లీలు పొద్దున, ఈవెంట్ల మధ్య అరటిపండు ముక్కలు, రెండు ముద్దల పెరుగన్నం. పూరీలు, బజ్జీలు మధ్యాహ్నం ఇంటికెళ్లాక.

తల్లిదండ్రులు కూర్చునేది గ్యాలరీలో. సభ్యత్వం, శిక్షణ ఉన్నవాళ్లకే కొలను అంచున అనుమతి, డ్యూటీలో ఉన్న టైమర్లకు (స్టాప్‌వాచ్‌తో టైమ్ తీసేవాళ్లు) మాత్రమే మినహాయింపు. స్టార్టింగ్ బ్లాకుల వెనక నుంచి ఫొటోలు తీయకూడదు, దుస్తులు మార్చుకునే గదుల్లో ఫోన్ బయటకు తీయకూడదు. ఇవి పిల్లల రక్షణ కోసం పెట్టిన నియమాలు, మార్షల్ (కొలను దగ్గర భద్రత చూసేవారు) చెప్పగానే పాటించండి. పాపను ‘ఎవరు తీసుకెళ్తారు’ అని భయపడకండి. చిన్నపిల్లలను వరసలో కూర్చోబెట్టి బ్లాకుల దాకా నడిపించే పద్ధతి చాలా మీట్లలో ఉంటుంది, లేకపోతే క్లబ్ పెద్దపిల్లలు చూసుకుంటారు.

టైమర్ డ్యూటీ మీకు కూడా పడుతుంది, దాదాపు ప్రతి మీట్‌లో క్లబ్‌కు ఇన్ని లేన్లు అని పంచుతారు. వెళ్లండి, పోటీని అంత దగ్గరగా చూసే చోటు ఇంకోటి లేదు. స్టాప్‌వాచ్ నొక్కాల్సింది శబ్దానికి కాదు, స్టార్టర్ దగ్గర మెరిసే లైటుకు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది. పిల్ల శరీరంలో ఏ భాగం గోడ ముట్టినా వాచీ ఆపి, బటన్ నొక్కాలి. వంగి చూడాలి, తడవడానికి సిద్ధపడి చెప్పులు వేసుకెళ్లండి. వాచీ మొదలవకపోతే చెయ్యెత్తితే హెడ్ టైమర్ నడుస్తున్న వాచీ ఇస్తారు. చిన్నపిల్లలు గోడకు ఉండే టచ్‌ప్యాడ్‌ను (ముట్టగానే టైమ్ ఆపే పలక) మెత్తగా ముడతారు, అది పట్టదు. అప్పుడు మీ బటన్, మీ వాచీయే ఆ పిల్ల టైమ్ అవుతాయి.

ఇక డిస్‌క్వాలిఫికేషన్, పొట్టిగా డీక్యూ. దీనిమీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటి రెండు మూడు మీట్లలో ఒక్కసారైనా వస్తుంది, ఇంట్లో వాళ్లే పిల్లకన్నా ఎక్కువ బాధపడతారు. పక్కన తెల్లచొక్కా వేసుకున్న అధికారి చెయ్యెత్తారంటే ఏదో చూశారని అర్థం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో గోడను రెండు చేతులతో ఒకేసారి ముట్టాలి. ఒక చెయ్యి ముందు, ఒకటి తర్వాత తగిలితే డీక్యూ. బ్రెస్ట్‌లో స్టార్టు తర్వాత, ప్రతి మలుపు తర్వాత ఒక్క డాల్ఫిన్ కిక్‌కే అనుమతి, అదీ మొదటి బ్రెస్ట్ కిక్‌కు ముందు. ఒక పాదం బయటకు తిరిగి ఇంకోటి తిరగకపోయినా పోతుంది, తొమ్మిదేళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బటర్‌ఫ్లైలో కాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఆడకూడదు. బ్యాక్‌స్ట్రోక్‌లో వెల్లకిలాగానే ఈది వెల్లకిలాగానే ముగించాలి. మలుపు దగ్గర బోర్లా తిరగొచ్చు కానీ, ఒకే చేతి లాగుడుతో ఆగకుండా పల్టీలోకి వెళ్లాలి. తిరిగి, గోడ ఇంకా దూరంగా ఉందని తేలుతూ కాళ్లాడిస్తే డీక్యూ. దీనికి మందు జెండాలు. గజాల కొలనులో గోడకు 5 గజాల ముందు జెండాలు ఉంటాయి, జెండాల నుంచి తనకు ఎన్ని చేతులు పడతాయో పాపకు తెలియాలి. పూర్తి వేగంతో లెక్కపెట్టాలి, మెల్లగా ఈదుతూ లెక్కపెడితే మీట్‌లో తల గోడకు తగులుతుంది. ఐఎంలో బటర్‌ఫ్లై, బ్యాక్, బ్రెస్ట్, ఫ్రీ, ఇదే వరస. బ్యాక్ నుంచి బ్రెస్ట్‌కు మారేటప్పుడు వెల్లకిలా ఉండగానే గోడ ముట్టాలి. ఫ్రీ స్టైల్‌లో భయం తక్కువ. అలసిపోయి కొలను అడుగున నిలబడ్డా తప్పు కాదు, నడిస్తేనే తప్పు. తాడు పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, లాక్కుని ముందుకెళ్లకూడదు. ఇది పాపకు ముందే చెప్పండి, సగం భయం పోతుంది. స్టార్టుకు ముందే కదిలినా, పడినా డీక్యూ కావచ్చు, రెండో అవకాశం ఉంటుందని లెక్కపెట్టుకోకూడదు.

డీక్యూ స్లిప్పులో ఏ తప్పో రాసి కోచ్‌కు ఇస్తారు. దానిమీద మాట్లాడాల్సింది కోచ్, రెఫరీతో. మీరు అధికారుల దగ్గరికి వెళ్లకూడదు, వాళ్లలో చాలామంది మనలాగే జీతం లేకుండా నిలబడ్డ తల్లిదండ్రులే. డీక్యూ అయితే టైమ్ నమోదు కాదు, అంతకుముందు టైమ్ లేకపోతే తర్వాతి మీట్‌కు ఆ ఈవెంట్ మళ్లీ ఎన్‌టీగా పడుతుంది. అంతకుమించి నష్టం లేదు. పాప నీళ్లలోంచి బయటికి రాగానే ముందు కోచ్ దగ్గరికే వెళ్లనివ్వండి. మీ దగ్గరికి వచ్చినప్పుడు టవల్ కప్పి, ఏం తింటావని అడగండి. టైమ్ గురించి ఆమె అడిగితే చెప్పండి.

మీరు మెయిల్‌లో చూసిన బీ, బీబీ, ఏ, ఏఏ అక్షరాలు మోటివేషనల్ టైమ్స్. నాలుగు ఏల దాకా ఉంటాయి. వయసు, ఈవెంట్, కోర్సు ఒక్కోదానికి ఒక్కో పట్టిక. కొన్ని మీట్లకు ‘బీబీ కన్నా వేగంగా ఉండకూడదు’ అని పై హద్దు, కొన్నిటికి ‘ఏ ఉండాలి’ అని కింది హద్దు ఉంటాయి. టెక్సాస్‌లో పిల్లలు పెద్దగా మాట్లాడుకునే టాగ్స్, అంటే రాష్ట్ర ఏజ్‌గ్రూప్ చాంపియన్‌షిప్, సొంతంగా క్వాలిఫయింగ్ టైమ్స్ పెట్టుకుంటుంది. అలాంటి చాంపియన్‌షిప్‌లకు ఊహించిన టైమ్ వేయడానికి లేదు, స్విమ్స్‌లో రుజువు ఉండాలి. రుజువు లేకపోతే జరిమానా వేసే మీట్లు కూడా ఉన్నాయి. సమ్మర్ లీగ్‌లో ఈదిన టైమ్స్ చాలావరకు ఇక్కడ లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ మీట్లకు శాంక్షనూ, తగినంతమంది అధికారుల పరిశీలనా ఉండవు. జూలైలో మీ సబ్‌డివిజన్ కొలనులో వచ్చిన టైమ్ కమిట్ పేజీలో కనిపించకపోవడానికి కారణం అదే.

మీట్ అయ్యాక ఫలితాల ఫైలు స్థానిక కమిటీకి వెళ్లి, అక్కడి నుంచి స్విమ్స్‌లో పడుతుంది. సాధారణంగా కొద్దిరోజుల్లో యూఎస్ఏ స్విమ్మింగ్ సైట్‌లో పాప పేరుతో వెతికితే కనిపిస్తుంది. రెండు వారాలైనా కనపడకపోతే మొదట మీ క్లబ్‌లో ఎంట్రీలు చూసేవాళ్లకు మెయిల్ పెట్టండి: మీట్ పేరు, తేదీ, ఈవెంట్ నంబరు, ఫలితాల్లో వచ్చిన టైమ్, సభ్యత్వంలో ఉన్న పూర్తి పేరు. పదిసార్లలో తొమ్మిదిసార్లు పేరు స్పెల్లింగ్ తేడాయే బయటపడుతుంది. అది సరిచేయించాకే తర్వాతి మీట్‌కు కమిట్ చేయండి, లేకపోతే మళ్లీ ఎన్‌టీ అనే వస్తుంది.